అప్పు అడిగినా మార్కులు పోతాయట!

అరకులో శుక్రవారం సంతకు పసుపు, మిరియాలు తెచ్చి అమ్ముకునే ఆడవాళ్ళలో డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్ళు చాలామందే. ఒకప్పుడు కొండ మీద అప్పంటే కింది నుంచి వచ్చే షావుకారే. ఆ పట్టు విడిపించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. షావుకారు ముఖం చూసి అప్పిచ్చేవాడు. నేటి బ్యాంకు మేనేజరు మాత్రం కంప్యూటర్‌లో స్కోరు చూస్తాడు.

300 నుంచి 900 దాకా ఉండే ఈ మార్కులను లెక్కకట్టే కంపెనీలు మన దేశంలో నాలుగున్నాయి. మనకు తెలిసిన పేరు సిబిల్. వాయిదాలు వేళకు కట్టామా లేదా అన్నదే ఇందులో పెద్ద లెక్క. "సంఘం అప్పే కదా, నా పేరెక్కడుంటుందిలే" అనుకోకండి. సభ్యురాళ్ళ వివరాలూ పంపాలని రిజర్వు బ్యాంకు 2016లోనే చెప్పింది.

అసలు చిక్కు మరొకటుంది. అబ్బాయికి మోటారు సైకిలు కొందామని షోరూముకు వెళ్ళారనుకోండి. "ఆధార్, పాన్ ఇవ్వండమ్మా, ఎవరిస్తారో చూద్దాం" అంటారు. ఆ కాగితాలు ముగ్గురు నలుగురు ఫైనాన్సు వాళ్ళకు వెళ్ళొచ్చు. మీ దరఖాస్తు మీద ఎవరు రిపోర్టు తెరిచినా అది నమోదవుతుంది, స్కోరు కొద్దిగా తగ్గుతుంది. ఒక్కసారికి కొంప మునగదు. కానీ నెలలో నాలుగైదు పడితే, కాఫీ తోటకని మీరు అప్పు అడిగే వేళకు "ఈవిడకు ఇంత అవసరమేమొచ్చిందో" అని అనుమానం వస్తుంది. బండి కొనకపోయినా సరే! ఇదేం న్యాయమంటారా? నాకూ అలాగే అనిపిస్తుంది. అందుకే వడ్డీ ఎంతో, వాయిదా ఎంతో నోటిమాటగా నాలుగు చోట్లా అడగండి. కాగితాలు మాత్రం ఒక్కచోటే ఇవ్వండి.

మన స్కోరు మనం చూసుకుంటే మార్కులు తగ్గవు. ఆ భయమే వద్దు. ఒక్కో కంపెనీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో మీరు గడప తొక్కని కంపెనీ పేరు కనిపిస్తే వెంటనే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి.

ఎవరైనా మీ రిపోర్టు తెరిస్తే ఫోనుకు మెసేజ్ రావాలని కూడా నిబంధన ఉంది. అయితే బ్యాంకులో ఉన్న నంబరు మీదేనా? మరిది నంబరో, సంఘం లీడరు నంబరో ఇచ్చి ఉంటే ఈసారి వెళ్ళినప్పుడు మార్పించుకోండి.