మిర్చి ధరలో బలుపెంత, వాపెంత?

గుంటూరు మిర్చి యార్డులో ధర ఊపందుకున్న ప్రతిసారీ వర్తకుల మధ్య ఒకే ప్రశ్న తలెత్తుతుంది. ఇది బలుపా, వాపా? గత పదేళ్ళలో ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పుకొని చేతులు కాల్చుకున్నవారు రైతులలోను ఉన్నారు, నిల్వదారులలోను ఉన్నారు.

2016లో మేలురకం కాయ క్వింటాలు 12,000 రూపాయల వరకు పలికింది. ఆ ధర చూసి సాగు విస్తరించింది. 2017 వేసవి నాటికి సరుకు వెల్లువెత్తి ధర 3,000 రూపాయల సమీపానికి దిగజారింది. ఆ ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్ యార్డులో రైతుల ఆగ్రహం విధ్వంసానికి దారితీసింది. మే నెలలో కేంద్రం 5,000 రూపాయల ధరకు కొనుగోలు పథకం ప్రకటించవలసి వచ్చింది.

అయిదేళ్ళకు కథ తిరగబడింది. 2021 చివర నల్ల తామర పురుగు పూతను పట్టి పంటను దెబ్బతీసింది. 2022, 2023 సంవత్సరాలలో మేలురకాలు 20,000 రూపాయలు దాటాయి. మళ్ళీ సాగు పెరిగింది, శీతల గిడ్డంగులు నిండాయి. 2025 ఫిబ్రవరి వచ్చేసరికి మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం 11,781 రూపాయలను కనీస ధరగా నిర్ణయించవలసిన పరిస్థితి ఏర్పడింది.

అయితే ఈ కాలమంతటా గిరాకీ మాత్రం అబద్ధం కాదు. దేశం నుంచి మిర్చి ఎగుమతులు 2014-15లో సుమారు మూడున్నర లక్షల టన్నులు కాగా, 2023-24లో ఆరు లక్షల టన్నులకు చేరాయి. తేజ రకానికి చైనా పెద్ద ఖాతాదారుగా నిలిచింది. అంటే ఎగుమతులు పెరుగుతాయని అంచనా వేసినవారి లెక్క తప్పలేదు. ఆ పెరుగుదలను చూసి 20,000 ధర కూడా నిలుస్తుందని నమ్మినవారే దెబ్బతిన్నారు. ఎగుమతి బలుపు. పురుగు తెచ్చిన ధర వాపు. రెండూ ఒకే సరుకులో, ఒకే సమయంలో కనిపించడమే చిక్కు.

ఈ పొరపాటు ఖరీదు ఎంతో ఒక చిన్న లెక్క చెబుతుంది. క్వింటాలు 20,000 చొప్పున నూరు క్వింటాళ్ళు కొని గిడ్డంగిలో పెట్టిన వర్తకునికి 20 లక్షలు చిక్కుబడతాయి. నూటికి ఏడాదికి 12 వడ్డీ అయితే నెలకు 20,000, పది నెలలకు రెండు లక్షలు. చివరకు 12,000కు అమ్ముకుంటే అసలులో ఎనిమిది లక్షలు, వడ్డీతో కలిపి పది లక్షలు నష్టం. గిడ్డంగి అద్దె, బీమా, హమాలీ దీనికి అదనం.

ఇందుకు మిర్చి ఒక్కటే ఉదాహరణ కాదు. 2010లో క్వింటాలు 15,000 దాటిన పసుపు, 2012 ఆరంభానికి 4,000 సమీపానికి జారిన సంగతి నిజామాబాద్ వర్తకులు మరచిపోలేదు.

ధర పెరిగినపుడు మూడు విషయాలు చూడడం మంచిది. మొదటిది, పెరుగుదలకు కారణం పంట దెబ్బతినడమా, వాడకం పెరగడమా? పంట దెబ్బతిని వచ్చిన ధర ఆయుర్దాయం సాధారణంగా తరువాతి పంట వరకే. రెండవది, విత్తనాలు, నారు అమ్మకాలు ఎలా ఉన్నాయి? గుంటూరుకంటే ముందే కొత్త సరుకు వచ్చే మధ్యప్రదేశ్ బేడియా మార్కెట్‌లో ధోరణి ఏమిటి? మూడవది, కొంటున్నది ఎవరు? కారం మిల్లులు, ఎగుమతిదారులు కొంటే సరుకు వాడకంలోకి పోతుంది. ఒక నిల్వదారు నుంచి మరొక నిల్వదారు కొంటే అది గిడ్డంగి దాటదు. కొత్త పంట జనవరిలో యార్డుకు వచ్చేనాటికి పాత నిల్వ పక్కనే నిలబడి ఉంటుంది.

గిరాకీ ఏళ్ళ తరబడి పెరుగుతుంది. ధర ఒక్క పంటకే తిరగబడుతుంది. మొదటిదాన్ని నమ్మి వ్యాపారం విస్తరించుకోవచ్చు. రెండవదాన్ని నమ్మి అప్పు తెచ్చి గిడ్డంగి నింపడం మాత్రం ప్రమాదం.