అమెరికా యంతర్యుద్ధము: ప్రత్తి, దాస్యము, భూమి

అంతర్యుద్ధములు కేవలము నాయకుల వైరమువలనఁ బుట్టునని తలంచుట యసమగ్రము. అమెరికా సంయుక్త రాష్ట్రములందు 1861 మొదలు 1865 వఱకు జరిగిన యుద్ధ మిందులకు నిదర్శనము.

1793వ సంవత్సరమున ఎలై విట్నీ ప్రత్తినుండి గింజలఁ దీయు యంత్రమును గల్పించెను. దానివలన దక్షిణ రాష్ట్రములఁ బ్రత్తిసేద్యము విస్తరించెను. బానిసల యక్కఱ తగ్గుటకు మాఱుగా హెచ్చెను. 1860 నాఁటి జనగణనమున బానిసలు సుమారు 40 లక్షలు. యజమానుల లెక్కలలో వారు మనుష్యులు గారు, మూలధనము. ప్రధానముగా నా ధనమును గాపాడుకొనుటకే దక్షిణ రాష్ట్రములు సమాఖ్యనుండి విడివడెను.

యుద్ధమున నాఱు లక్షలకుఁ బైగా సైనికులు మడిసిరి. 1865లో 13వ రాజ్యాంగ సవరణము దాస్యమును రద్దుచేసెను. అయినను విముక్తులకు భూమి దక్కలేదు. ఆ యేఁటి జనవరిలో షెర్మన్ సేనాని యొక్కొక్క కుటుంబమునకు 40 యెకరములలోపుగాఁ గేటాయించిన తీరభూములను, అధ్యక్షుఁడు జాన్సన్ ఆ యేఁడే చాలవఱకుఁ బూర్వపు యజమానుల కిప్పించెను. భూమి లేనివారు పాత యజమానుల పొలములనే పాలికి దున్నిరి. విత్తులకును దిండికిని అప్పుపడి, పంట వచ్చినను దానిని దీర్పఁజాలక, మరుసటి యేఁడును ఆ పొలమునకే కట్టుపడిరి. పాలికాఁపుల బ్రదు కెఱిఁగిన తెలుఁగు పాఠకుల కిది దుర్బోధము గాదు. క్రమముగా వోటుహక్కును గోల్పోయిరి. 1964, 1965 సంవత్సరముల శాసనములు వచ్చువఱకు జాతివివక్షకు దక్షిణమునఁ జట్టము తోడై నిలిచెను.

కావున యుద్ధము ముగిసిన యేఁటితోఁ బాఠమును ముగింపరాదు. శాసనము సంకెలఁ ద్రెంచినను, భూమి యెవరిదను ప్రశ్న తీఱనంతకాలము, యుద్ధకారణము వేఱొక రూపమున జీవించియే యుండును.