మీకు తెలుసా? ఈ పళ్ల తేడాకు బోరు నీళ్లు కారణం కాదు

నల్లగొండ ప్రాంతంలో పిల్లల పళ్లు తేడాగా ఉంటే నేరం ముందు బోరు నీళ్ల మీదికే పోతుంది. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ చరిత్ర అలాంటిది మరి. కానీ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఎక్కడైనా ఓ పిల్లాడికి నాలుగేళ్లొచ్చినా మొనదేలిన రెండు మూడు పళ్లే ఉండి, నెత్తిన నూగు జుట్టే మిగిలి, మే నెల ఎండలోనూ నుదుట చెమట చుక్క పుట్టకపోతే అది నీళ్ల పని కాదు. ఫ్లోరైడ్ పళ్ల మీద మచ్చలు తెస్తుంది, వెంట్రుకల జోలికి పోదు. పన్ను, వెంట్రుక, గోరు, స్వేదగ్రంథి గర్భంలో ఒకే పైపొర నుంచి తయారవుతాయి. ఆ పనిలో జన్యులోపం వస్తే దాన్ని ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా అంటారు. ఇందులోనే క్లౌస్టన్ అనే రకంలోనైతే చెమట మామూలే, గోళ్లు మందమై వంకర పోతాయి.

మేనరికం వల్లే అనేవాళ్లున్నారు. కొన్ని రకాల్లో ఆ మాట నిజమే. ఎక్కువగా కనిపించే రకంలో మాత్రం లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీది ఈడీఏ జన్యువుది, అది తండ్రి నుంచి కొడుక్కి రాదు. సింధులో ఒక కుటుంబంలో 4 తరాల్లో 10 మంది మగవాళ్లకు ఇలాగే ఉందని, కూతుళ్లు బాగానే ఉన్నా వాళ్ల కొడుకులకు వచ్చిందని డార్విన్ 1875లోనే రాశాడు. జన్యువు దొరికింది 1996లో. మందు లేనప్పుడు పేరు తెలిసి ఏం లాభమంటారా? పేరు తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది: ఎండకు కాలిన ఒంటి వేడిని పారాసిటమాల్ దించదు, తడిగుడ్డ దించుతుంది. ఆ పేరు తేల్చుకోవడానికి హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్య విభాగమూ ఉంది.