లెక్కకందని జిల్లా

మన జిల్లా జనాభా ఎంత అని బడిపిల్లవాడు అడిగినచో అనకాపల్లి సీమ ఉపాధ్యాయుడు 17 లక్షల పైచిలుకు అని చెప్పును. అది 2011 నాటి లెక్క. ఆనాటికి ఈ జిల్లాయే లేదు! విశాఖపట్టణము జిల్లానుండి 1950లో శ్రీకాకుళము వేరుపడినది. 1979లో మరికొంత భాగము విజయనగరమునకు పోయినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన 24 మండలములతో అనకాపల్లి జిల్లా వెలసినది. ఆ మండలముల పాత సంఖ్యలను కూడగా వచ్చినదే ఈ 17 లక్షలు. 2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. కనుక జిల్లా పుట్టిననాడు నాలుగవ తరగతిలోను, అంతకు దిగువను కూర్చున్న పిల్లలు దాదాపు అందరును ఏ పట్టికకును ఎక్కనివారే. ఇంటింటికి తిరిగి జనమును లెక్క వ్రాయునది తరచుగా బడిపంతులే గదా! తన హాజరుపట్టీలోని పేర్లు సర్కారు లెక్కలో లేవని ఆయనకు తెలియకపోదు.

పరిపాలన మాత్రము పల్లెకు చేరువైనది. 1984లో కరణము, మునసబు పదవులు రద్దయినవి. మరుసటి ఏట తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. నర్సీపట్నపు రైతు కలెక్టరు కచేరీకి పోవలెనన్న బస్సులో అనకాపల్లి దాటి ఇంకను 30 కిలోమీటర్ల పైన ప్రయాణము చేయవలసియుండెను. ఇప్పుడు అనకాపల్లిలోనే దిగును.

ఇందులో ఒక వింత కలదు. 2013లో అనకాపల్లి పురపాలక సంఘమును విశాఖ మహానగరపాలక సంస్థలో కలిపిరి. అందుచే ఆ పట్టణము జిల్లా కేంద్రమైననాటికి, కలెక్టరు ఈ జిల్లావాడు, వీధిదీపము పొరుగు జిల్లా సంస్థది! పల్లెలకు ఈ చిక్కు లేదు. వారి పంచాయతీ వారి ఊరిలోనే ఉన్నది. వృద్ధులు మాత్రము మండల కచేరీని ఇంకను తాలూకా అనియే అందురు.