కదలెడి బండిలో కథ

రాత్రి తొమ్మిది గంటలు దాటినది. మహబూబ్‌నగరు స్టేషనునుండి ఒక పాసింజరు బండి గద్వాల వైపు బయలుదేరినది. బయట చీకటి. అప్పుడప్పుడు ఒక గుట్టయో, ఒక చెరువుకట్టయో, ఒక పల్లెలోని దీపమో కానవచ్చి వెనుకకు పోవుచున్నది. లోపల ఎనమండుగురు ప్రయాణికులు ఎదురెదురుగా కూర్చుండియున్నారు. వారిలో ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఇంతమాత్రము చెప్పగనే వినువాడు "తరువాత ఏమి జరిగినది?" అని అడుగును. ఏమియు జరుగకముందే ఇట్టి ప్రశ్నను పుట్టించు శక్తి రైలుబండికి కలదు. కావుననే అపరాధ పరిశోధక కథలు, ఉత్కంఠ కథలు వ్రాయువారు పలుమారు రైలును ఆశ్రయించిరి. అయినను అట్టి కథలలో కొన్ని చివరి పుటవఱకు చదువరిని విడువవు. కొన్ని సగములోనే విసుగు పుట్టించును. ఈ భేదమునకు కారణమేమి?

ముందుగా రైలు కథకునకు ఇచ్చు సౌకర్యములను గమనింపవలెను. అవి నాలుగు. రైలుపెట్టె నాలుగు గోడలుగల గది. బండి కదలుచుండగా అందుండి ఎవరును దిగిపోజాలరు. అది కదలెడి గది. సహాయము చేయగలవారు ప్రతి నిమిషమును వెనుకకు పోవుచుందురు. అది కాలమునకు కట్టుబడిన గది. ఏ స్టేషను ఎప్పుడు వచ్చునో ముందే తెలియును. చివరకు, అది అపరిచితుల గది. పక్కనున్నవాడు చెప్పిన పేరును, ఊరును నమ్ముటకంటె వేఱు దారి లేదు.

ఈ భయము కేవలము కల్పన కాదు. 1864 జూలై 9వ తేదీ రాత్రి లండను నగరపు రైలులో థామస్ బ్రిగ్స్ అను బ్యాంకు ఉద్యోగి హత్య చేయబడెను. ఆ కాలపు పెట్టెలలో ఒక గదినుండి మఱియొక గదికి దారి లేదు. తలుపులు బయటికే తెఱచుకొనెడివి. బండిని ఆపుటకు ప్రయాణికునకు సాధనము లేదు. హంతకుడు తొందరలో తన టోపీని విడిచి, మృతుని టోపీని కొనిపోయెను. ఆ టోపీయే అతనిని పట్టించినది. ఫ్రాంజ్ ముల్లర్ అను ఆ యువకుడు తెరచాప ఓడలో అమెరికాకు బయలుదేరెను. పరిశోధకులు అతని తరువాత బయలుదేరియు, వేగముగల ఆవిరి ఓడ నెక్కి, అతనికంటె ముందే న్యూయార్కు చేరి రేవులో కాచుకొనియుండిరి. 1868లో చేయబడిన చట్టము వలన, ఆగక చాలదూరము పోవు బండ్లలో ప్రయాణికులు సిబ్బందిని హెచ్చరించుటకు సాధనము ఏర్పడినది. నేడు మన రైలుపెట్టెలలో కనబడు అపాయపు గొలుసు అట్టి భయమునకు సమాధానముగా పుట్టిన సాధనములలో ఒకటి.

ముల్లరు కథలో ఇంకొక విశేషము కలదు. నడిసముద్రములో అతడు తాను తప్పించుకొంటినని తలచుచుండెను. అతని ముందు రేవులో ఏమి కాచుకొనియున్నదో వార్తాపత్రికలు చదివిన లోకమునకు తెలియును, అతనికి తెలియదు. ఉత్కంఠకు మూలము ఇచటనే కలదు.

ఆశ్చర్యము వేఱు, ఉత్కంఠ వేఱు. ఉత్కంఠ చిత్రములకు ప్రసిద్ధుడైన ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఈ భేదమును ఒక ఉదాహరణముతో వివరించెను. ఇద్దరు బల్లవద్ద కూర్చుండి మాటలాడుచుండగా హఠాత్తుగా బాంబు పేలినచో చూచువారు కొన్ని క్షణములు ఉలికిపడుదురు. బల్లక్రింద బాంబు ఉన్నదని చూచువారికి ముందే తెలిసి, మాటలాడువారికి తెలియకున్నచో, ఆ సామాన్యపు సంభాషణ యంతయు ఊపిరి బిగబట్టి వినవలసినదగును. చదువరికి ఏమియు చెప్పక దాచుట ఒక్కటే ఉత్కంఠ కాదు. చెప్పవలసినది చెప్పి, ఫలితమును ఆపుట ఉత్కంఠ.

దీనిని పాలమూరు నేలమీదనే పరీక్షింపవచ్చును. మీటరుగేజి దినములలో జరిగిన ఒక కథను ఊహింతము. ఒక రైతు బాదేపల్లి మార్కెట్టులో తన పల్లికాయ అమ్మి, వచ్చిన సొమ్మును గుడ్డసంచిలో పెట్టి, జడ్చర్లలో బండి ఎక్కును. అప్పు తీర్చుటకు మఱునాడే గడువు. తీర్చనిచో పొలము చేజారును. గద్వాలలో దిగి ఇంటికి పోయి సంచి విప్పగా అందు గులకరాళ్లు ఉండును. చదువరి ఉలికిపడును, కాని అంతటితో సరి.

అదే కథను మఱియొక విధముగా చెప్పవచ్చును. మహబూబ్‌నగరులో రైతు నీళ్లు త్రాగుటకు దిగినప్పుడు, ఎదుట కూర్చున్న పెద్దమనిషి అట్టిదే యగు మఱియొక సంచిని అచట పెట్టి, అసలు సంచిని తన దుప్పటిలో దాచుకొనును. ఆ సంగతి చదువరి చూచును, రైతు చూడడు. ఆ పెద్దమనిషి వనపర్తి రోడ్డులో దిగవలెనని యున్నాడు. అతడు రైతుతో పంటల మాటలాడును, "ఏమన్నా, ఈయేడు కాలమెట్లున్నది?" అని అడిగి ఆదరమును చూపును. రైతు తన కష్టము చెప్పుకొనుచు, ఆ రాళ్లసంచినే గుండెకు హత్తుకొని కూర్చుండును. దేవరకద్ర దాటినది, ఇక కొన్ని స్టేషనులే కలవు. ఇప్పుడు ప్రతి కూతయు, ప్రతి స్టేషను దీపమును చదువరి గుండెను తట్టును. కథలోని సంఘటన ఒక్కటే. చెప్పిన క్రమము మాత్రమే మాఱినది.

ఈ ఉదాహరణమునుండియే మంచి కథకు కావలసిన నియమములు తేలును.

మొదటిది, రైలు కథకు అవసరమై యుండవలెను. ఒక కథలోని రైలును తీసివేసి దాని స్థానమున సత్రమును పెట్టినను కథ మాఱకున్నచో, ఆ రైలు అలంకారమాత్రమే. 1938లో హిచ్‌కాక్ తీసిన 'ది లేడీ వానిషెస్' చిత్రములో ఒక వృద్ధురాలు నడుచుచున్న బండినుండి మాయమగును. ఆమెను అసలు చూడనేలేదని తోటివారు బొంకుదురు. ఆమె ఉన్నదనుటకు గుర్తు ఏమి? అంతకుముందు ఆమె తన పేరు చెప్పగా బండి చప్పుడులో వినబడలేదు. కావున మంచుపట్టిన కిటికీ అద్దముమీద వ్రేలితో వ్రాసి చూపెను. ఆ అక్షరములే తరువాత సాక్ష్యమగును. అవియు నిలువక చెరిగిపోవును. ఆ గుర్తు పుట్టుటకును, చెరిగిపోవుటకును బండియే కారణము. ఇట్టి కల్పన సత్రములో పొసగదు.

అగాథా క్రిస్టీ 1934లో ప్రకటించిన 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' నవలలో బండి మంచులో చిక్కి ఆగిపోవును. లోపలివారు బయటికి పోలేరు, బయటివారు లోనికి రాలేరు. కావున నేరస్థుడు ఆ పెట్టెలోనే ఉండవలెను. ఇది గాలిలో కట్టిన మేడ కాదు. 1929లో ఆ బండి తురుష్కదేశములో మంచున నిజముగానే కొన్ని దినములు నిలిచిపోయెను. 1931 డిసెంబరులో ఆ రచయిత్రి తానే ఆ బండిలో ప్రయాణించుచుండగా వరదకు పట్టాలు కొట్టుకొనిపోయి మార్గము ఆగిపోయెను. ఆ నవల ముగింపును ఇచట చెప్పుట చదువబోవువారికి అన్యాయము చేయుటయే యగును.

ఉత్కంఠకు రక్తపాతము తప్పనిసరి కాదు. సత్యజిత్ రాయ్ వంగభాషలో 1972లో ప్రకటించిన 'బాక్స రహస్య' కథ కల్కా మెయిలులో ఒకరి పెట్టె మఱియొకరి పెట్టెతో మాఱిపోవుటతో ఆరంభమగును. నలుగురు ప్రయాణికులు, ఒకేవిధమైన పెట్టెలు. అంత చిన్న విషయమునుండి పెద్ద చిక్కు అల్లబడినది. చదువరికి కావలసినది పోవు వస్తువు విలువ కాదు. అది పోయినచో ఆ మనుష్యునకు కలుగు నష్టము. పాలమూరు రైతు సంచిలోని సొమ్ము ధనికునకు స్వల్పము కావచ్చును. రైతునకు అది పొలము.

రెండవ నియమము, వివరములు సత్యములై యుండవలెను. తెలుగుదేశమున కొవ్వలి లక్ష్మీనరసింహారావు వంటివారి నవలలను రైలు ప్రయాణికులు విశేషముగా చదివిరి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివు యుగంధరు పేరు ఇంటింట వినబడెను. అట్టి పుస్తకములు చదువువారిలో చాలమంది రైలులోనే కూర్చుండి చదువుదురు. వారి కన్నులముందే గొలుసు, తలుపు, కిటికీ ఉండగా రచయిత పొరబడినచో తప్పించుకొనజాలడు. యూరపు కథలలో డిటెక్టివు నడవదారి వెంట పెట్టెనుండి పెట్టెకు పోయి ప్రశ్నలు వేయును. మన దేశములో చాలకాలము వఱకు సామాన్యపు పాసింజరు బండ్లలో అట్టి దారి ఉండెడిది కాదు. స్టేషనులో దిగి, పరుగెత్తి, పక్కపెట్టె ఎక్కవలసినదే. అన్యదేశపు కథను అనుకరించి ఆనాటి పాసింజరు బండిలో డిటెక్టివును ఆ కొసనుండి ఈ కొసకు నడిపించు రచయితను చదువరి అచటనే విడిచిపెట్టును. వివేకియగు రచయిత ఆ లోపమునే లాభముగా మార్చుకొనును. పక్కపెట్టెలో దొంగ ఉన్నాడని తెలిసియు, తరువాతి స్టేషను వఱకు ఏమియు చేయలేని వాని తహతహను మించిన ఉత్కంఠ ఏమున్నది?

మూడవది, ముగింపు ముందు చెప్పిన విషయములనుండియే రావలెను. రైతు కథలో వనపర్తి రోడ్డున ఒక పోలీసు అధికారి అకస్మాత్తుగా ప్రత్యక్షమై దొంగను పట్టుకొన్నచో చదువరి నిరాశపడును. ఆ అధికారి కథకుని అవసరమునకు వచ్చినవాడే గాని కథలోనుండి వచ్చినవాడు కాడు. అట్లుగాక, ఒంటిదారి మార్గమున ఎదురుబండి వచ్చువఱకు తమ బండి ఆగక తప్పదని మొదటనే చెప్పి, రైతు సంచికి వేసిన ముడి ఎద్దుల పలుపునకు వేసెడి ముడి యని ఒక బాలుడు గమనించినట్లు మధ్యలో చెప్పి, ఆ క్రాసింగు సమయమున ఆ బాలుడే "తాతా, నీ ముడి ఇట్లా లేకుండె" అని రైతుతో అనినచో, చదువరి సంతోషించును. "ఇది నాకును తోచియుండవలసినదే" అని తన్ను తాను నిందించుకొనును. అట్టి నింద రచయితకు గొప్ప బహుమానము.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. కథలోని ప్రాణము చదువరికి ప్రాణముగా తోపవలెను. ఒక వంతెన కూలినదనియు, నూరుగురు మరణించిరనియు ఒక్క వాక్యములో వ్రాసి, నాయకుని సాహసము వర్ణించుటకు పరుగెత్తు రచయితలు కలరు. అట్టి కథ ఎంత వేగముగా నడచినను మనస్సులో నిలువదు. ఈ మాట మహబూబ్‌నగరు వారికి ఎవరును బోధింపనక్కఱలేదు. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగరుల నడుమ వరదకు దెబ్బతినిన వంతెన రైలుబండి క్రింద కూలిపోయెను. నూరుమందికి పైగా ప్రయాణికులు మరణించిరి. అది కథ కాదు. ఆ బండిలో ఎక్కినవారికి ముందున్న అపాయము తెలియదు, చెప్పగలవారును లేకపోయిరి.

ఆనాటి రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి ఆ దుర్ఘటనకు నైతిక బాధ్యత వహించి రాజీనామా ఇవ్వజూపెను. ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ అంగీకరింపలేదు. అదే సంవత్సరము నవంబరులో మద్రాసు రాష్ట్రమందలి అరియలూరువద్ద మఱియొక ఘోరప్రమాదము జరుగగా శాస్త్రి మరల రాజీనామా చేసెను. ఈసారి అది అంగీకరింపబడెను. వంతెన కట్టినది ఆయన కాదు, బండి నడపినది ఆయన కాదు. అయినను పోయిన ప్రాణములకు ఎవరో ఒకరు జవాబు చెప్పవలెనని ఆయన తలచెను.

ఉత్కంఠ కథ వ్రాయువాడును ఒకవిధముగా అట్టి జవాబుదారియే. తాను బండి ఎక్కించిన ప్రతి మనుష్యుడు ఎవరో, ఎందుకు పోవుచున్నాడో, అతడు చేరవలసినచోట ఎవరు ఎదురుచూచుచున్నారో రచయిత ఎఱిగియుండవలెను. అప్పుడే ఆ బండి వంతెనను సమీపించునప్పుడు చదువరి ఊపిరి బిగబట్టును.

ఆ మార్గము 1990ల దశకములో బ్రాడ్‌గేజిగా మాఱినది. నేడును బండ్లు జడ్చర్ల, దేవరకద్ర, వనపర్తి రోడ్డు దాటి, కృష్ణానదిపై వంతెన నెక్కి గద్వాల చేరుచున్నవి. కిటికీవద్ద కూర్చున్న బాలుడు ఎదుటి బల్లమీది అపరిచితులను చూచి, ఎవరు ఎచటికి పోవుచున్నారో ఊహించుచుండును. కథ చదువుటకును, ఒకనాడు తానే వ్రాయుటకును ఆ ఊహ మంచి ఆరంభము.