ఋతువులు – వెలుతురు – ఫోటోలు

ఒకే వేపచెట్టును ఒకే కెమెరాతో మే నెలలోను, ఆగస్టులోను, డిసెంబరులోను ఫోటో తీసి ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మూడు వేరువేరు చెట్లవలె కనిపించును. ఆకులకంటె ఎక్కువగా మారినది వెలుతురు.

హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై నున్నది. మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతమున మిట్టమధ్యాహ్నము సూర్యుడక్కడ సరిగా నడినెత్తిన నుండును. అట్టివేళ తీసిన ఫోటోలో కనుబొమల నీడ పడి కండ్లు నల్లని గుంటలగును. మన పాఠశాలలలో వీడ్కోలు ఫోటోకు ఎండవేళనే ఎన్నుకొనుట ఏమి యాచారమో! పిల్లలను భవనపు నీడలో నిలిపిన చాలును. అయితే ఆ నీడకు వచ్చు వెలుతురులో నీలాకాశపు పాలు ఎక్కువ. మధ్యాహ్నపు టెండ వర్ణోష్ణత సుమారు 5500 కెల్విన్లు కాగా, నీడలో అది 7000 దాటును. కెమెరాలో ‘నీడ’ అను అమరిక నెన్నుకొననిచో ముఖములు నీలివారును.

వానకాలమున మేఘము పెద్ద తెల్లగొడుగువలె వెలుతురును నలువైపులకు పంచును, గాఢమైన నీడలుండవు. ఆకుపచ్చలకు ఇదే మంచి అదను. కాని వెలుతురు తక్కువ. ఐ.ఎస్.ఓ. 100 వద్ద, సెకనులో నూరవవంతు కాలమునకు, మంచి ఎండలో ఎఫ్ 16 ద్వారము సరిపోవును. దట్టమైన మబ్బులో ఎఫ్ 5.6 కావలెను. అనగా ద్వారవ్యాసము దాదాపు మూడు రెట్లు, లోనికి వచ్చు వెలుతురు ఎనిమిది రెట్లు.

హరివిల్లును తీయగోరువారు సూర్యుని వీపువైపు ఉంచుకొనవలెను. విల్లు మన తలనీడకు 42 డిగ్రీల దూరమున ఏర్పడును. సూర్యుడు అంతకంటె ఎత్తుననున్నచో అది దిక్చక్రము క్రిందికి పోవును. హైదరాబాదులో డిసెంబరు 22న సైతము మధ్యాహ్నసూర్యుని ఎత్తు 49 డిగ్రీలు. కనుక అక్కడ మిట్టమధ్యాహ్నము ఆకాశమున హరివిల్లుకై వెదకుట వృథా.

ఒక శ్రావణమాసపు సాయంకాలము చక్కని విల్లును చూచి, చల్లని ఏ.సి. గదినుండి కెమెరాతో బయటకు పరుగెత్తితిని. చన్నీళ్ల గ్లాసుపై చెమ్మ పట్టినట్లు కటకముపై ఆవిరి పట్టినది. తుడిచినకొలది మరల పట్టినది. ఈలోగా విల్లు మాయమైనది. కెమెరాను మూసిన సంచిలోనే అరగంట బయట ఉంచి, అది వెచ్చబడిన పిమ్మట తీయవలసినది. ఆ చెమ్మ నిలిచినచో కటకముపై బూజు పట్టును. సిలికాజెల్ పొట్లముతో గాలిచొరని డబ్బాలో పెట్టుట మేలు.

చలికాలపు మంచు కెమెరాను మోసగించును. కెమెరా లోని కాంతిమాపకము ప్రతి దృశ్యమును నడితరపు బూడిదరంగుగా భావించును. అందుచే తెల్లని మంచు మసిబారి వచ్చును. అది చూపినదానికి రెట్టింపు వెలుతురు నిచ్చినచో, తెల్లవారుజామున చెరువుపై లేచు ఆవిరి తెల్లగానే పడును.