పెళ్ళి క్యాసెట్టు ల్యాప్‌టాపులోకి ఎలా వెళుతుంది?

పిల్లలూ! మీ ఇంట్లో బీరువా పై అరలోనో, అటక మీద పెట్టెలోనో నల్లని వీడియో క్యాసెట్టు ఉన్నదేమో పెద్దవాళ్ళను అడగండి. 1980, 90 ప్రాంతాలలో జరిగిన పెళ్ళిళ్ళు అనేకం అలాంటి క్యాసెట్లలోనే ఉన్నాయి. ఫొటోలో మీ ముత్తాత కనిపిస్తాడు గాని మాట్లాడడు. క్యాసెట్టులోనైతే కన్యాదానం చేస్తూ మాట్లాడతాడు కూడాను!

అయితే ఈ క్యాసెట్లకు ఆయుష్షు తక్కువ. లోపల ఉండేది అరంగుళం వెడల్పు గల ప్లాస్టిక్ టేపు. దానిమీద అయస్కాంతగుణం గల సన్నని పొడి పూసి ఉంటుంది. బొమ్మా, ధ్వనీ ఆ పొడిలో గుర్తులుగా నిలుస్తాయి. ఏళ్ళు గడిచినకొద్దీ ఆ గుర్తులు మందగిస్తాయి. చెమ్మ తగిలితే టేపుకు బూజు పడుతుంది. 1976లో జపానులో పుట్టిన ఈ క్యాసెట్లను ఆడించే యంత్రాల తయారీని, కడపటి దాకా నడిపిన ఫునాయ్ కంపెనీ కూడా 2016లో మానేసింది. కాబట్టి పాత యంత్రం ఎక్కడైనా పనిచేస్తూ ఉండగానే టేపులోనిది ల్యాప్‌టాపులోకి ఎక్కించాలి. అందుకు ఏమేమి కావాలో చూద్దాం.

మొదటిది క్యాప్చర్ పరికరం. టేపునుంచి వచ్చేది హెచ్చుతగ్గుల విద్యుత్తు అల. ల్యాప్‌టాపుకు తెలిసినవి అంకెలే. ఈ చిన్న పరికరం బొమ్మ వెలుగును సెకనుకు 1,35,00,000 సార్లు కొలిచి, అంకెలుగా మార్చి, యు.ఎస్.బి. తీగ ద్వారా పంపుతుంది.

రెండవది చోటు. మన దేశపు పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. ఒక్కొక్క బొమ్మలో 720 × 576, అంటే 4,14,720 చుక్కలు. చుక్కకు 2 బైట్ల చొప్పున సెకనుకు 2 కోట్ల 7 లక్షల బైట్లు! గంటకు సుమారు 75 గిగాబైట్లు అవుతుంది. అందుకే కుదిస్తారు. హాజరు వేసేటప్పుడు రానివారి పేర్లు మాత్రం రాసుకుంటే, వచ్చినవారెవరో తెలిసిపోతుంది గదా! అలాగే పందిరి రాట కదలదు, పురోహితుని చేయి కదులుతుంది. మారినదాన్నే రాసుకుంటే గంట వీడియో నాలుగైదు గిగాబైట్లలో ఇముడుతుంది.

మూడవది మెమొరీ. డిస్కు బీరువా వంటిది. మెమొరీ పనిచేసుకునే బల్ల వంటిది. బల్ల ఇరుకైతే పని మందగిస్తుంది. 8 గిగాబైట్లతో నెట్టుకు రావచ్చు; 16 ఉంటే సుఖం.

నాలుగవది కూర్పు చేసే ప్రోగ్రాము. షాట్‌కట్, కేడెన్‌లైవ్ వంటివి ఉచితంగానే దొరుకుతాయి. ఇవి అసలు వీడియోను కోయవు. "ఇక్కడినుంచి ఇక్కడిదాకా చూపు" అని గుర్తు రాసుకుంటాయి, అంతే. చివరకు ఆ గుర్తుల ప్రకారం కొత్త వీడియో తయారుచేస్తాయి. కాబట్టి తప్పు పోయినా భయం లేదు.

కొన్ని జాగ్రత్తలు: బూజు పట్టిన క్యాసెట్టును యంత్రంలో పెట్టకండి, తెలిసినవారిచేత శుభ్రం చేయించండి. ల్యాప్‌టాపుకు చార్జరు తగిలించి ఉంచండి. పని అయ్యాక రెండు నకళ్ళు తీసి, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాలింట్లో దాచండి.

గంట క్యాసెట్టు ఎక్కడానికి గంటా పడుతుంది. ఆ గంటసేపూ అమ్మమ్మనో, నాయనమ్మనో పక్కన కూర్చోబెట్టుకొని, తెరమీద కనిపించేవారు ఎవరెవరో అడిగి, పేర్లు కాగితం మీద రాసుకోండి. ల్యాప్‌టాపు బొమ్మను దాచగలదు గాని, పసుపు పట్టుచీర కట్టుకున్న ఆవిడ మనకేమవుతుందో చెప్పలేదు.